గుండు, బద్ద, ముక్క

కాశీబుగ్గలో మా మేడగది కిటికీలోంచి
ఏడున్నరకే కాల్చిన జీడిపిక్కల పొగ వస్తుంది.
తొమ్మిదికి నేను ఆఫీసుకి వెళ్తాను.
అంటే మంచం మీంచి కుర్చీలోకి,
నాలుగడుగులు, మధ్యలో ఇస్త్రీ బల్ల.

ఆ బల్ల ఎందుకుందో ఇప్పుడు నాకూ తెలీదు.
హైదరాబాదులో చున్నీ పిన్నుకే పది నిమిషాలు పట్టేది.
గేటు దగ్గర "బ్యాడ్జీ, మేడమ్" అని ఆపేవాడొకడు, రోజూ.
నన్ను రోజూ ఎవరో ఒకరు ఆపి చూసేవారన్నమాట.
విసుక్కునేదాన్ని.

ఇక్కడ నేనొక ఊదారంగు బిళ్ళని,
లోపల "హెచ్" అని ఒక్క అక్షరం.
ఇన్సూరెన్సు క్లెయిములు, రోజుకి నూట పది,
ఎవరి మోకాలో, ఎవరి గర్భసంచో.
"హైమా, ఉన్నావా?" అంటారు మీటింగులో.
ఉన్నాననే అనుకుంటాను.
"ఇంట్లోనే ఉన్నావు కదా, గ్యాసు బండొస్తే చూడు"
అని మా వదిన బడికెళ్తుంది, పాఠాలు చెప్పడానికి.

మెట్ల కింద వరండాలో దాలమ్మత్త.
ముందు చేట, చేతిలో కురచ చాకు.
పప్పు మీది ఎర్రపొట్టు గీకడం పని.
పొద్దున బస్తా దింపి పోతారు, సాయంత్రం తూచుకు పోతారు.
ముప్పై ఏళ్ళుగా ఇంటి నుంచే.
దానికో ఇంగ్లీషు పేరుందని ఆవిడకెవరూ చెప్పలేదు.
గుండు ఒక గిన్నెలో, బద్ద ఇంకోదాన్లో,
ముక్క ఒళ్ళోని గుడ్డలో.

మార్చిలో నాకూ తూకం వేశారు.
"ఆశించినంత," అని రాశారు.
ఆ మాట వారం రోజులు నోట్లో పెట్టుకు తిరిగాను.
బద్ద, అనుకున్నాను. గుండు కాదు.
నేర్చుకుందామని మొదలెట్టిన కోర్సు
పదకొండు శాతం దగ్గర ఆగింది, జుట్టు సంగతి సరేసరి.
కిరాణా కొట్లో "ఏటి కావాలమ్మా?" అంటే
మైకు తెరవడం మర్చిపోయినట్టు నిలబడిపోయాను.

ఆ రోజుల్లోనే, రాత్రిళ్ళు,
నాకోసం నేనో పట్టీ రాసుకున్నాను.
కాయితాలన్నీ ఉన్న క్లెయిము జీ,
సగం ఉన్నది బీ, మిగతా చెత్తంతా ఎమ్.
పని సగానికి సగం తగ్గింది.
అడిగితే నిఖిల్‌కి పంపాను.

బుధవారం మీటింగులో నిఖిల్ అదే పట్టీ తెర మీద పెట్టాడు.
"జీ అంటే గుడ్, బీ అంటే బ్యాడ్,
ఎమ్, మిసలేనియస్," అన్నాడు.
అందరూ బాగుందన్నారు.

నేను గట్టిగానే అన్నాను.
"హైమా, మ్యూట్‌లో ఉన్నావు."
మ్యూట్ తీసేసరికి పలాస స్టేషన్లో బండి కూత.
అది పోయేదాకా ఆగాను. అందరూ ఆగారు.
"అది నాను రాసినానండి," అన్నాను.
మూడేళ్ళు దాచుకున్న మా ఊరి మాట
చెప్పులేసుకోకుండానే బయటికొచ్చేసింది.
"జీ అంటే గుండు."

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.
ఒకరు నవ్వారు, ఎలాంటి నవ్వో తెలీదు.
తర్వాత నాలుగు నిమిషాలు
బెంగళూరుకి జీడిపప్పు గురించి చెప్పాను.
నిఖిల్ "ఓకే" అన్నాడు. మీటింగయిపోయింది.
అంతే. జీతం అదే, బిళ్ళ అదే ఊదారంగు.
చెవులు మాత్రం సాయంత్రం దాకా వేడిగానే ఉన్నాయి.

కిందికి దిగాను.
"ఎవులితోటే, అలగ అరిసినావు?"
"ఆఫీసోళ్ళతో, అత్తా."
"మీవోళ్ళు కిలోకెంతిస్తారేటి?"
లెక్క కట్టబోయాను.
నూట పది క్లెయిములు ఎన్ని కిలోలో తేలలేదు.

పక్కన చతికిలబడి చాకు తీసుకున్నాను.
మొదటి పప్పే చేతిలో చిటుక్కుమంది.
"బద్ద," అంది దాలమ్మత్త,
తలెత్తకుండానే.