తలకట్టు

మూడు మూరలు చాలా అండీ? మరువం వేసి కట్టనా?
కూర్చోండి, చెయ్యి దాని పని అది చేసుకుపోద్ది.
కడియపులంక సంతలో బంతి బస్తాలు దిగే వేళకి
కాలవ మీద మంచింకా లేవదు.
ఇలాంటి మంచే
అసీర్ కొండల మీద ఆరేళ్ళు చూసేను.

ఎడారన్నాడు ఏజెంటు. ఒంటెలన్నాడు.
కారు మలుపు మీద మలుపు తిరిగి పైకెక్కింది.
చలికి పళ్ళు టకటకలాడతంటే
తలుపు తీసిన ముసలాయన్ని చూసి నవ్వాగలేదు నాకు.
నడుంకి లుంగీ, మన తాపీమేస్త్రి కట్టినట్టే.
బెల్టులో వంకీ కత్తి.
నెత్తి మీద పూలు!
మగాడండీ. డెబ్బై ఏళ్ళు.
బంతిపూలు, తులసి రెమ్మలు, తల చుట్టూరా.
పెళ్ళీ కాదు పేరంటమూ కాదు, ఉత్త మంగళవారం.

మిస్ఫర్ ఆయన పేరు.
పూలు లేందే మేకల దగ్గరికైనా వెళ్ళడు.
తలనొప్పొస్తే అందులో ఇంకో ఆకు చేరేది.
భార్య సాల్హా, తాటాకు గొడుగంత టోపీ పెట్టుకుని
మెట్లు మెట్లుగా ఉన్న చేలోంచి కోసుకొచ్చేది.
వాసన చూసి నేను చెప్పేదాన్ని: ఇది దవనం, ఇది మరువం.
ఆవిడ పేర్లు ఆవిడ చెప్పేది.
ఓ రోజు, కింద లోయలోంచి వచ్చిన పొట్లం విప్పి
"కాదీ" అంది.
మొగలిరేకండీ!
అంతర్వేది పాయ పక్కన, మా అమ్మమ్మోళ్ళ గట్టు మీద పొద.
అక్కడే కూలబడి ఏడ్చేను.

గోడల మీద ఆవిడ రంగుల గీతలు గీసేది, చుక్కల్లేకుండా.
చుక్కలు పెట్టి చూపించేను.
దేనికన్నట్టు చూసింది.
నిజమే, దేనికో.

అసలు సంగతి అది కాదు.
నా తాడు తెగింది ఇరవై మూడో ఏట.
అప్పట్నించీ ఎన్ని వేల మూరలు కట్టేనో,
జానెడు నాది కాదు.
సాల్హా నా బోడి కొప్పు వంక చూసి అడిగింది.
మెడ మీద వేలు పెట్టి సైగ చేసేను.
ఆవిడ నవ్వలేదు. ముసలాయన్ని చూపించి చెప్పింది:
మొదటి భార్యని మట్టిలో పెట్టొచ్చిన మర్నాడు కూడా
కట్టుకున్నాడంట.
ఆ ముందు రోజు పువ్వులే, వాడిపోయినవి.

తర్వాత నా తల వంచి ఏదో గుచ్చింది.
చల్లగా తగిలింది.

ఇదిగోండి, మూడు మూరలూ, పైన బెత్తెడు.
అరవై ఇవ్వండి.
ఇదా? నా చెవెనకదా?
మిగిలిన మరువం రెమ్మండి.
సంతలో ఇంతమంది చూసేరు,
అడిగింది మీరే.