సివంగి

అవ్వ తిట్టేటప్పుడే
ఆ పేరు విన్నాను నేను.
రేషన్ షాపులో కాటా దగ్గర కొట్లాడిన రోజు
"ఆడపిల్ల కాదే ఇది, సివంగి!" అనింది.
సివంగంటే ఏందవ్వా?
"నీ మాదిరే ఉంటాదిలే, పో."

తాతకు మాత్రం తెలుసు.
పలమనేరు నుంచి చిత్తూరు మండీకి
బెల్లం బండి తోలే చెంగల్రాయుడు,
మొగిలి ఘాటు దిగతా ఒక తెల్లారుజామున
చూసినాడంట.
ఎద్దులు నిలబడిపోయినాయి.
బండి కింద లాంతరు ఊగడం మానేసింది.
రోడ్డుకడ్డంగా
నడుం సన్నం, కాళ్ళు పొడుగు,
కుక్కా కాదు పులీ కాదు,
కంటి కొస నుంచి నోటిదాకా రెండు నల్లగీతలు,
కాటుక కరిగేటట్టు ఏడిచి
మొగం కడుక్కోకుండా వచ్చినట్టు.
తాత పక్క చూడనే లేదు.
బండి చక్రం వాసన చూసి,
చూసి,
చెనిక్కాయ చేలో దిగింది.
"పరిగెత్తలేదురా. ఉన్నింది, లేకుండా పోయింది."

మండీలో నవ్వినారు.
రాత్రి కల్లు ఏ చెట్టుది రాయుడూ?

రాజులు దాని మెడకు పట్టీ వేసి
కండ్లకు గంతలు కట్టి
జింకల మీదికి వదిలేవాళ్ళని
తాత పోయినాక చదివినాను.
మోసుకుపోయింది ఎద్దుల బండ్ల మీదేనంట.
ఆ పొద్దు అది
బెల్లం బండిలో ఎవర్ని వెతికిందో.

ఇప్పుడు నా పని అలిపిరి మెట్లదారి పక్క అడవిలో,
చెట్లకు కట్టిన కెమెరాల్లో కార్డులు మార్చడం.
నేనూ మస్తానూ. ఇద్దరికీ ఒకటే టార్చి.
ఆఫీసులో బొమ్మలు తిప్పుతాం:
ముళ్ళపంది, ముళ్ళపంది, గాలికూగిన కొమ్మ,
చెమట తుడుచుకుంటా నేను,
రెండూ పదకొండుకు చిరుత.
వొళ్ళంతా పూల మచ్చలు. గీతల్లేని మొగం.
రాత్రి బొమ్మకు రంగులుండవు గానీ
ముందు కాలికి తెల్లగా ఏదో అంటింది.
పసుపే అయుండాల.
మెట్టు మెట్టుకూ బొట్లు పెట్టుకుంటా
మోకాళ్ళ మీద ఎవరో తల్లి
సాయంత్రమే ఎక్కిపోయింది.

టీవీవాళ్ళు దీన్నీ చీతా అనే అంటారు.
మస్తాన్ టీవీతో వాదిస్తాడు.

మెట్లకాడ జనానికి కర్రలిస్తాం.
గుంపుగా పోండి, గోవిందలు కొట్టండి,
పిల్లోళ్ళని మధ్యలో నడిపించండి.
"అది మనిషిని చూస్తే ఏం చేస్తాది?"
నెల్లూరు నుంచి వచ్చిన ఒక పాప అడిగింది.
బయపడి పక్కకు పోతాదమ్మా అన్నాను.
"మరి కర్రెందుకు?"
ఆ కర్ర దానికి పొడుగైంది.
చిన్నది వెతికిచ్చినాను.

ఒక్కో కార్డులో
ఏమీ లేని బొమ్మ వస్తాది.
కెమెరా దేనికో ఉలిక్కిపడి ఉంటాది,
బొమ్మలో చీకటి తప్ప ఏం ఉండదు.
ఖాళీ, తీసెయ్ అంటాడు మస్తాన్.
తీయను.
వాటికి వేరే ఫోల్డరు పెట్టినాను.
పేరేందని అడిగినాడు.
అవ్వ తిట్టు, అన్నాను.

నిన్నటి దాంట్లోనూ అంతే, ఎవరూ లేరు.
గడ్డి మాత్రం
ఒక పక్కకు వంగి ఉంది.