చాలు

సమాధుల దొడ్డి తాళం నా దగ్గరుంటుందని
పాస్టరుగారు పంపించారటండి ఆవిణ్ణి.
రామచంద్రపురం బస్టాండు నుంచి ఆటో,
నెత్తిన గుడ్డ టోపీ, మోచేతుల దాకా కమిలిన ఎండ.
పేరు హేజెల్. ఊరు టాస్మేనియా.

వాళ్ల ముత్తాత కెనడాలో ఓడెక్కి,
మన కాలవల్లో పడవెక్కి,
లాకు లాకుకీ ఆగి మందూ వాక్యమూ పంచినాయన.
ఇక్కడ ఒక పిల్లాణ్ణి మట్టికిచ్చి,
మిగిలిన పిల్లతో ఆ దక్షిణపు దీవికి పోయి
ఆపిల్ తోటేశాడంట.

తుమ్మముళ్లు తప్పించుకుంటా చూపించాను.
రాయి మీద పేరు సగం, నాచు సగం.
ఆవిడ ఏడవలేదు. వంగి, గోటితో
ఒక్కో అక్షరం గోకింది.
కాలవ అవతల దాళ్వా నాట్లు,
నడుములెత్తి చూస్తన్నారు కూలోళ్లు.

ఇంటికి తీసుకొచ్చి టీ పోస్తా ఉంటే
కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టి
"చాలు" అంది.

గిన్నె అలాగే గాల్లో ఉండిపోయిందండి.

వాళ్లింట్లో అందరూ అంటారంట.
భోజనం బల్ల దగ్గరా, ఉయ్యాల ఊపేటప్పుడూ,
కుక్క మరీ మొహం నాకేస్తుంటే కూడానూ.
నాయనమ్మ తెచ్చిన కెనడా మాటనుకుని
మూడు తరాలుగా దాచుకున్నారు.
ఏటా జూలై ఒకటిన ఆ దేశపు జెండా కట్టి,
కేకు కోసి, చాలు, చాలు.

కాదమ్మా, అన్నాను. ఆ మాట మాది.
మా అమ్మమ్మ మాణిక్యం ఆ బంగళాలో ఆయా.
మీ నాయనమ్మకి పప్పన్నం ముద్దలు పెట్టిందీ,
పొట్ట నిండితే ఏమనాలో నేర్పిందీ ఆవిడే.

హేజెల్ నవ్వింది. తర్వాత నవ్వలేదు.
తమ్ముడికి చెప్పాలి,
అక్కడ రాత్రి పదైపోయిందేమో, అంది.

నేను చెప్పనిది ఒకటుందండి.
ఆ ముద్దల వేళకి మా అమ్మ, అదే ఈడు పిల్ల,
వంటింటి వెనక మెట్టు మీద కూచునేదంట.
పళ్లెం అడుగున మిగిలింది తనది.
ముసల్దై మంచాన పడ్డాక కూడా
"ఇంకాస్త పెట్టవే" అనడమే గానీ
ఆవిడ నోట చాలన్నది నేనెరగను.

ఆ మాటకి ఇంకో అర్థముందా, అని
వెళ్తా వెళ్తా అడిగింది.
ఉందండి. నాగలి గీసుకుంటా పోయే గీత.
ఆసుపత్రిలో నేర్చిన నా ఇంగ్లీషుకి నాగలి అందలేదు.
గడప ముందు మట్టిలో వేలితో గీశాను.

ఆవిడ దాన్ని దాటలేదు.
పక్కనించి నడిచెళ్లి ఆటో ఎక్కింది.