ఖాళీ దిక్కు

పద్దెనిమిదడుగుల పొడుగు, మూరెడు వెడల్పు.
ఈ సర్ఫ్ స్కీ మీద కూసునుడంటే
కత్తి అంచు మీద పీట ఏసుకున్నట్టే.
మొదటి నెలంతా హుస్సేన్ సాగర్‌ను తాగిన.

ఆషాఢం. పడమటి గాలి.
నెక్లెస్ రోడ్ నుంచి ట్యాంక్‌బండ్ దిక్కు
నీళ్ళు ముడతలు ముడతలుగ ఉరుకుతయ్.
బోయిన్‌పల్లిల టమాట డబ్బాలు దించి,
వ్యాన్ పక్కకు పెట్టి నేనొచ్చేసరికి
పోలారావు మెట్ల మీద ఉంటడు,
చెవిని గాలికిచ్చి.

మంగమారిపేట నుంచి జెట్టీ పనికొచ్చి ఇరవయ్యేండ్లు.
యాసల ఉప్పు ఇంకా కరగలే.

"ఎనక్కి సూడకు బావూ.
అలొచ్చిందని సెప్పేది కన్ను కాదు, పిర్ర.
తోక లేచిందా, బేగి ఎయ్యి, మూడే మూడు తెడ్లు.
ముక్కు వాలిందా, ఒగ్గీ.
అది నిన్ను మోస్తంటే
నువ్వు దాన్ని మోస్తావేటి?"

చేతులతోని గుంజితే తిట్టిండు.
కాలుతోని తన్నాలె, నడుము తిరగాలె,
చెయ్యి ఒట్టి తాడంట.

నేను ఎదుటి అల వీపెక్కబోయిన.
ముక్కు గుచ్చుకున్నది.
మళ్ళ బోర్ల.
గుర్రపుడెక్క మెడల దండ.

"కొండని సూస్తావేటి? గుంట సూడు.
నీరు ఎటు దిగితే అటే నీ ముక్కు.
తిన్నగా పోవాలని ఎవుడు రాసాడు?"

ఆ పొద్దు ప్యారడైజ్ సిగ్నల్ కాడ
ముందల బస్సు, పక్కన నీళ్ళ ట్యాంకర్, రెండు ఆటోలు.
నేనేమన్న బస్సును చూస్తన్ననా?
వాటి నడుమ తెరుసుకోబోయే సందును చూస్తున్న,
అదింకా తెరుసుకోకముందే.
పద్నాలుగేండ్ల నుంచి గిదే పని.
హారన్లు కొడుతున్నరు. నేను నవ్వుకుంటున్న.

తెల్లారి
తోక లేచింది. మూడు తెడ్లు.
ఎడమకు గుంట, పెడల్ మీద బొటనవేలు,
నాలుగో తెడ్డు గాల్లనే ఆగింది.
పడవ కింద సన్నగ ఈల.
పదకొండు దాక లెక్కపెట్టిన.
దిగకముందే రెండోది అందింది, దాని మీదికెల్లి మూడోది.
అరిసిన్నో ఏమో, నాకు ఎరుక లేదు.

బండ్ గోడ కాడ కత మారింది.
రాయికి తాకిన అలలు మర్లొస్తుంటే
వచ్చేటివి, పోయేటివి ఒకదాన్నొకటి గుద్దుకుంటయ్.
పడ్డ.
నిరుటి నిమజ్జనం ఇనుప చువ్వ
మోకాలి కింద గీరింది.

పోలారావు నవ్వలే.
"సముద్రంలోనూ అంతే. రేవు కాడే మునుగుతారు."

నేనింతవరకు సముద్రం చూడలే.
అక్కడ అల ఎంతుంటదని అడిగిన.
చెయ్యి మోకాలు కాడ పెట్టిండు,
ఛాతి కాడికి లేపిండు,
ఏమనుకున్నడో, దించేసిండు.

పది నిమిషాల ఉరుకుడుకు
అరగంట ఎదురీత.
మొకం మీద గాలి, మురికి వాసన, కాలు మంట.
ముందల పడవల నుంచి అరుస్తున్నడు,
"ఎల్లేటప్పుడు ఈపులే కనబడతాయి.
ఇప్పుడు సూసుకో, మొకాలు."

చూసుకుంట వస్తున్న,
ఒక్కొక్కదాన్నే.
ఇది పొట్టిది. ఇది దొంగది.
ఇది నన్ను పడగొట్టినదాని చెల్లె.