పాలకూరలో పాలు

జులై చివరి ఆదివారం. వార్నంబూల్‌లో సముద్రం మీంచి వచ్చే గాలి
తలుపు సందులోంచి దూరి
పిండిగిన్నె మీది తడిగుడ్డని తడుముతోంది.
ఈస్ట్ ఇంకా నిద్ర లేవలేదు.
గిన్నెకి మా అమ్మాయి ఉన్ని టోపీ తొడిగి
హీటర్ పక్కన కూర్చోబెట్టాను.

వారమంతా నాకు పాల ఫ్యాక్టరీలో పని.
ట్యాంకరు ట్యాంకరుకీ ఒక చిన్న సీసా,
సీసా సీసాకీ ఒక అంకె.
వెన్న శాతం నాలుగు పాయింట్ రెండు. నాలుగు పాయింట్ ఒకటి.
ఇంట్లో మాత్రం
నానిన జీడిపప్పు రుబ్బుతూ, నిమ్మకాయ పిండుతూ,
చీజ్‌లా ఉందా లేదా అని వేలితో నాకి చూస్తున్నాను.

మార్చిలో బడివాళ్ళు డైరీ ఫామ్‌కి తీసుకెళ్ళారు.
అందరూ ట్రాక్టరెక్కారట. ఇది కంచె దగ్గరే ఉండిపోయి
చెవికి పసుపుపచ్చ బిళ్ళ ఉన్న దూడకి వేలందించిందట.
నాలుగు వందల పదిహేడు.
చీకుతూ చీకుతూ వదల్లేదట అది.
ఆ రాత్రి పాలగ్లాసు పక్కకి జరిపి
"వాళ్ళమ్మ ఏది నాన్నా?" అంది.
నా దగ్గర శాతాలున్నాయి గానీ

పేరు చూస్తే వెన్నెల.
"పేరులోనే వెన్న ఉందే, మార్చేద్దామా?" అన్నాను ఒకసారి, నవ్విద్దామని.
నవ్వలేదు. కాసేపు ఆలోచించింది.

ఇప్పుడు స్టూలెక్కి ఆకు తుంచుతోంది.
ఉన్నట్టుండి చెయ్యి ఆపి, అనుమానంగా,
"పాలకూరలో పాలు...?"
లేవమ్మా. అదొక మాట, అంతే.
దీనికి తెలుగుని కూడా వడగట్టి పొయ్యాలి.

బాండీలో వెల్లుల్లి, పుట్టగొడుగులు.
అవి వదిలిన నీళ్ళు పూర్తిగా ఇగరాలి,
లేకపోతే అడుగు నాని చిరుగుతుంది.
ఫ్రిజ్ తలుపు మీద వాళ్ళమ్మ చీటీ,
నైట్ డ్యూటీకి వెళ్తూ రాసింది:
బి-పన్నెండు మాత్ర. మర్చిపోతే ఇద్దరికీ ఉంది నా చేతిలో.

"పిజ్జా చేసుకోవచ్చుగా, సులువు," అన్నాను పిండి ఒత్తుతూ.
"వద్దు. కాల్జోన్ అయితే మూసి ఉంటుంది.
డబ్బా తెరిస్తే చీజ్ ఏదని ఎవరూ అడగరు."
పదేళ్ళది.
నేను అప్పడాలకర్రని ఉన్నచోటే ఇంకో నాలుగుసార్లు తిప్పాను,
పిండి మరీ పలచనైంది.

దానికి చెప్పనిది ఒకటుంది.
మా పక్కింటి గేదె ఈనితే చెంబుడు మొదటిపాలు వచ్చేవి మాకు.
బెల్లం, మిరియాలు, ఆవిరి మీద వణికే జున్ను.
గిన్నె అంచులు గీకి మరీ తినేవాణ్ణి.
ఎవరి వాటా తిన్నానో
ఇన్నేళ్ళకి, ఈ వంటింట్లో, పిండి సగానికి మడుస్తుంటే తట్టింది.

అంచుల్ని ఫోర్క్‌తో నొక్కమని ఎక్కడో చదివాను.
వేళ్ళు వినలేదు.
వాటికి కజ్జికాయ గుర్తుంది, మెలిక మీద మెలిక వేసుకుంటూ పోయాయి.
వెన్నెల చూసింది. మూడోదానికల్లా
నాకన్నా సన్నటి మెలికలు.

"పైన గాట్లు పెట్టు, ఆవిరి పోవడానికి."
నాలుగింటికి పెట్టింది. ఐదోదాని దగ్గర
ఏదో కబుర్లో పడిపోయింది.

ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చున్నాం ఇద్దరం,
మొహాలు ఎర్రగా కాగుతుంటే.
ఐదోది ముందు ఉబ్బింది, గర్వంగా.
తర్వాత పక్కన చిట్లింది.
ఆకుపచ్చ, ఎండు టమాటా ఎరుపు, జీడిపప్పు ముద్ద
పొంగి బయటికొచ్చి, అంచున మాడి, కమ్మటి వాసన.

పాడైనది నాకే కదా అని నా కంచంలోకి లాక్కోబోయాను.
చెయ్యి అడ్డం పెట్టింది.
"అది రేపు బడికి."
"లోపలున్నదంతా కనిపిస్తోందే. అడుగుతారేమో?"
"అడగనీ."

డబ్బా మూతపడలేదు. రబ్బరుబ్యాండు వేసింది.

పదకొండుకి వీధి చివర ట్యాంకరొకటి మలుపు తిరిగింది,
దాని లైటు వంటింటి గోడ మీద పాకి పోయింది.
ఐదింటికి లేవాలి నేను.
ఉన్ని టోపీకి అంటిన పిండిని గోటితో గీకుతూ కూర్చున్నాను.
ఎండిపోయింది. అంత తొందరగా రాదు.