చూసిన మాట, విన్న మాట

పొద్దున్నుంచి 'నేను' అంటూనే ఉన్నాను.
నాకు మూడు నెలలుగా కడుపులో నొప్పి, అన్నాను.
నేను లీమాలో చదువుకున్నాను, అన్నాను.
నాకు రెండు కాన్పులు నిలవలేదు, అన్నాను.
నేను సెలవులో వెళ్తున్నా, వచ్చేవారం వేరే డాక్టర్ చూస్తారు, అన్నాను.
వీటిలో ఒక్కటీ నేను కాదు.

నేను ఎవతెనంటే,
పెరూ కొండల్లో, వాంకవెలికా ఆసుపత్రిలో
పదకొండేళ్ళు నేల తుడిచినదాన్ని.
ఒకరోజు నర్సు పరుగున వచ్చి
"నీకు క్వెచువా వచ్చుగా, ఆ బకెట్ అక్కడ పెట్టి రా" అంది.
బకెట్ ఇంకా అక్కడే ఉండి ఉంటుంది.

తర్వాత బ్యాడ్జీ ఇచ్చారు, ఐదురోజుల శిక్షణ ఇచ్చారు.
కలపొద్దు. తీయొద్దు. ఓదార్చొద్దు.

ఏడో గదిలో తియోఫిలా మయ్‌వా, టోపీ తీయలేదు.
ఒళ్ళో మూట, మూటలో ఉడకబెట్టిన దుంపలు,
గదంతా మందుల వాసన ఓడిపోయింది.
డాక్టర్ ఒలయేచియా కుర్రాడు, సముద్రపు ఒడ్డువాడు,
మా ఎత్తుకి రెండు మెట్లెక్కితే ఇంకా ఆయాసం.
"కాలేయంలో గడ్డ ఉంది" అన్నాడు కాగితంతో.

స్పానిష్‌లో ఉంది అంటే ఉంది, అంతే.
మా మాటకి చివర తోకుంటుంది.
కళ్ళారా చూస్తే ఒక తోక: ఉంది.
ఒకరు చెప్పగా వింటే ఇంకోటి: ఉందట.
తోకలేని మాటని మా వైపు కుక్క కూడా నమ్మదు.

'ట' తగిలిస్తే చాలు,
గడ్డ కాస్తా పుకారైపోతుంది,
పక్క లోయలో ఎవరి గొర్రెకో వచ్చిన జబ్బవుతుంది.
నాలుక చివరిదాకా వచ్చింది.

మా అమ్మకి స్పానిష్ ఒక్క ముక్కే వచ్చు: సీ.
ఇదే ఆసుపత్రి, అప్పుడీ గోడలు పచ్చరంగు.
తెల్లకోటు ఏదో అడిగింది, సీ అంది.
ఇంకేదో అడిగింది, సీ అంది.
సిరాలో బొటనవేలు ముంచింది.
ఆ తర్వాత మాకు తమ్ముళ్ళు పుట్టలేదు.

"ఉంది" అన్నాను.
చూసినదాన్లాగే అన్నాను.

ముసలామె డాక్టర్ని చూడలేదు, నన్ను చూసింది.
"నువ్వు చూశావా?"

ఐదురోజుల్లో ఎవరూ చెప్పని పాఠం ఇది.
కలపొద్దు తీయొద్దు కనక అతనివైపు తిరిగి
"నువ్వు చూశావా?" అన్నాను.

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.
లేచి, ఫిల్ము తీసి, కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.
వెనక కొండ, కొండమీద మంచు,
ముందు ఆమె లోపలి బూడిదరంగు,
అందులో చిన్న దుంపంత మరక.
ఆమె టోపీ వెనక్కి నెట్టి చూసింది,
విత్తనపు దుంపలు ఏరేటప్పుడు చూసినంతసేపు.
"ఉంది" అంది.

"మందు మొదలుపెడతాం" అన్నాడు.
ఎవరు? మనమా, మేమా?
స్పానిష్‌కి ఆ పట్టింపు లేదు, రెంటికీ ఒకటే గిన్నె.
"ఆ మాటలో ఆవిడ ఉందా?" అని అడిగాను.
"ఏ మాటలో?"
"మొదలుపెట్టేవాళ్ళలో."
ఆలోచించాడు. ఆలోచించినందుకు నచ్చాడు.
"ఉంది."
మనం, అని చెప్పాను ఆమెకి.

బయట వరండాలో బల్లమీద వాళ్ళాయన.
నేను నీళ్ళు తాగుతున్నాను.
నా పని గది లోపలే, వరండా నాది కాదు.
"ఏమన్నారు?" అన్నాడాయన.
ఆమె కూర్చుంది, మూట విప్పింది,
దుంప తొక్క వలిచి అతని చేతిలో పెట్టింది.
"ఏదో చిన్న గడ్డ ఉందట" అంది.

రెండు కళ్ళతో చూసినావిడ.

ఆయన ఒక కొరుకు కొరికి
"ఉప్పు తెచ్చావా" అన్నాడు.

తొమ్మిదో గదిలో ఎవరో పిలుస్తున్నారు.
మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళాను.
నేను రాత్రంతా నిద్రపోలేదు, అన్నాను.