మోతకర్రలు

ఎవరి మూర, అనడిగిన.
రెండున్నర మూరల పొడుగని పుస్తకంల ఉందట,
ఎవరి మూరనో రాసిలేదట.
దీనమ్మ టీచర్ జెరసేపు ఆలోచించి
తన చెయ్యే చాపింది.
మోచేతి కాడ సుద్దముక్క మరక.

సిరోంచల పుట్టినోన్ని,
టేకును తప్ప కర్రను కర్ర అననోన్ని.
తుమ్మనే కావాలె, అంది.
తుమ్మ బండి ఇరుసుకు, నాగలికి, ఆఖరికి పొయ్యిలకు.
దేవుని పెట్టెకు తుమ్మేంది టీచర్, అంటే
ఎడారిల దొరికిందే అడిగిండాయన, అంది.

పదకొండు దినాలు.
కరెంటు పోయినప్పుడల్లా
దాని మీదనే కూసోని చాయ తాగిన.
మనుమడు దాంట్ల దాక్కున్నడు.
ఒక రాత్రి పిల్లి పండుకుంది.
ఇత్తడి ఉంగరాలు నాలుగు, అహేరి సంతల కొన్నయి.

ఐతారం పొద్దుమూకి చర్చికి మోసినం.
అట్టరెక్కలు కట్టుకున్న ఇద్దరు పోరలు
ఎవని రెక్క ఎవనికి తాకిందని
మరాఠీల కొట్లాడుకున్నరు.
తాకాలెరా, రెక్కలు తాకాలె, అని
టీచర్ తెలుగుల కసిరింది.

ప్రాణహిత ఒడ్డున ఏరిన రెండు పలకరాళ్లు
లోపల వెట్టింది. ఇంకేమొద్దంది.
నలుగురు ఎత్తిండ్రు.
పెట్టె తెర వెనకకు పోయింది,
మోతకర్రలు పోలే.
వెనక గోడ అడ్డం. ముందట రెండు కొసలు బయటికి.

లెక్క తప్పిందని సిగ్గయి
రంపం అందుకున్న.
కొయ్యకు, అంది.
గప్పుడు గూడ గట్లనే కనవడ్డయట,
అంత పెద్ద రాజు కట్టిన గుళ్లె సుత.
మరి కూసున్నంక ఊడపీకుదమా?
పీకొద్దని రాసుందట.

గిదేం దేవుడు!
బంగారు ఇల్లు కట్టిచ్చినా
బయలెల్లేటోని లెక్కనే కూసున్నడు.
మా బాలక్క గూడ గంతే,
బ్యారేజీ నీళ్లు చేన్ల నిలిచిన యేడు కట్టిన మూట
ఇంక ఇప్పలే,
దాంట్లకెల్లే దినాం చీర గుంజుకుంటది.

ఇంటికొచ్చి సంచి తెరిస్తే
సన్న ఉలి లేదు.
తెర వెనక ఉంగరం బిగించిన కాడ మరిచిన.
చర్చి తాళంచెవి నా జేబులనే ఉండె, మర్ల పోయిన.
లైటెయ్యలే.
ఖాళీ బెంచీలు,
తెర కిందికెల్లి రెండు కర్రకొసలు,
ఎవరో కూసోని మోకాళ్లు ముందటికి వెట్టినట్టు.

నేను చేసిందే.
ఏ పలకకు ముడి ఉందో,
ఎక్కడ లప్పం కూరి దాచిన్నో నాకే ఎరుక.
అయినా చెయ్యి పోలే.
చెప్పులు ఎప్పుడు విడిచిన్నో తెల్వదు.

తెల్లారితే కావళేల ఇంట్ల దర్వాజ పని,
సన్న ఉలి లేకుంటే నడవది.
దీనమ్మ టీచర్ బడికి పోయే యాల్లకు
తొవ్వల నిలవడి అడుగుత.